అక్కకి చెప్పొద్దు

జూన్ 8

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. బాగున్నామో లేదో నాకు తెలియదు. పెద్దాడి స్కూటరు వెనక చక్రం అరిగి నున్నగా అయింది. మార్చరా అంటే "వచ్చే నెల చూద్దాంలే అమ్మా" అంటాడు. వచ్చే నెల దాకా ఆగాలని ఆ చక్రానికి ఎవరు చెబుతారు? పై వాటాలోంచి గ్యాసు వాసన వస్తోందని నా అనుమానం. కోడలు వచ్చి పీల్చి చూసి, "ఏ వాసనా లేదత్తయ్యా, మీ ముక్కుకి కూడా భయం పట్టింది" అంది.

అసలు సంగతి అది కాదు. మొన్న మరదలు ఫోన్ చేసింది. ఫోన్లో నాకు సగం వినపడదు, మిగతా సగం కోడలు అరిచి చెబుతుంది. అందుకే ఎప్పటిలా కాగితం పట్టుకున్నాను. వినపడిన సగమే చాలు. నువ్వు తింటూ తింటూ నాలుగు ముద్దలకే లేచిపోతున్నావట. ముద్ద ఛాతీ మధ్యలో ఆగిపోతే గ్లాసుడు నీళ్ళు తాగి నెడుతున్నావట. ప్యాంట్లు జారిపోతుంటే బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం కొట్టుకున్నావట. ఎప్పట్నుంచి ఇది? నాకెందుకు రాయలేదు?

చిన్నప్పుడు కూడా నువ్వు సరిగ్గా నమిలేవాడివి కాదు, ఆటకి పరుగెత్తాలని గుటుక్కున మింగేసేవాడివి. నమలకపోవడం వల్ల వచ్చిందైతే సరే. కాకపోతే? పెద్దాసుపత్రికి వెళ్ళు. మందుల కొట్టువాడు ఇచ్చే తెల్లమందు తాగుతూ కాలక్షేపం చేయకు.

నా పని నేను చేసుకుంటున్నాను. బడులు తెరిచే రోజులు కదా, టైలరు మూటలు మూటలుగా చొక్కాలు పంపుతున్నాడు, కాజాలు కుట్టి బొత్తాలు వేయాలి. మూట పట్టుకుని రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వచ్చి మధ్యలో కూలబడుతున్నాను. ఈ మెట్లు కట్టిన మహానుభావుడికి కాళ్ళు ఎంత పొడుగో.

నీ జవాబు వచ్చేదాకా కునుకు పట్టని
అక్క


జూన్ 17

అక్కా,

కునుకు తియ్యి. బతికే ఉన్నాను.

ముందు కాస్త నవ్వుకో. ఇన్నేళ్ళూ ఊరందరి గొట్టాలూ బాగుచేసినవాడికి చివరికి సొంత గొట్టంలో అడ్డం పడింది. నా దగ్గర పనిచేసేవాళ్ళు "మేస్త్రీ, స్ప్రింగు తీగ వేసి కెలికేద్దామా?" అంటున్నారు. ఆసుపత్రిలో దాదాపు అదే చేశారు. నోట్లోంచి నల్లటి సన్నటి గొట్టం ఒకటి లోపలికి దింపారు. దాని చివర దీపం, కెమెరా. దింపే పిల్లకి వంపు దగ్గర చేయి తిరగలేదు. నోరు ఖాళీగా ఉంటే ఎలా తిప్పాలో నేనే చెప్పేవాణ్ణి.

తిండి గొట్టం కడుపుతో కలిసే చోట ఒక ఉబ్బు ఉందట. పైన చర్మం మాత్రం నున్నగా ఉందట. ఇలాంటిది డాక్టరమ్మ ఎక్కువగా చూడలేదట. పక్క గదిలోంచి ఇంకో ఇద్దరు డాక్టర్లని పిలిచి చూపించింది. నన్ను చూడ్డానికి జనం రావడం పెళ్ళి తర్వాత ఇదే. చిన్న ముక్క గిల్లి పరీక్షకి పంపారు. అందులో ఏమీ లేదని నిన్న చెప్పారు.

ఏమీ లేదు అని రాశాను. ఇంకోసారి చదువుకో.

డాక్టరమ్మ నూటెనిమిది ప్రశ్నలు అడిగింది, అన్నిటికీ చెప్పాను. అవన్నీ నీకు రాస్తే నూటెనిమిది భయాలు పెట్టుకుంటావు, రాయను.

నీ మేనకోడలు పిచ్చుకకి ఆరో నెల నిండింది. రక్తం తక్కువుందని మాత్రలు ఇచ్చారట, కడుపుతో ఉన్నవాళ్ళందరికీ ఇచ్చేవే. మీ ఊళ్ళోనే ఉంది కదా అని నీ దగ్గరికి వచ్చినప్పుడు నా గొంతు సంగతి ఎత్తకు. దాని అత్తవారింట్లో అది నవ్వుతూ తిరగాలి.

ఇట్లు,
ఏమీ లేని తమ్ముడు


జూన్ 25

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి ఎదురైన వాళ్ళందరికీ చెప్పాను. టైలరుకి చెప్పాను, పాలవాడికి చెప్పాను, అడగనివాళ్ళని ఆపి మరీ చెప్పాను. ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది.

తర్వాత కాజా కుడుతూ కూర్చుంటే ఒక్కొక్కటే మొదలైంది. ఏమీ లేనిదాన్ని చూడ్డానికి ఇద్దరు డాక్టర్లు ఎందుకు పరుగెత్తుకొస్తారు? ఎక్కువగా చూడలేదు అంటే అర్థమేమిటి? నలుగురికీ వచ్చే రోగానికైతే ఎక్కడో ఒకచోట మందు ఉంటుంది. ఎవరికీ రాని రోగానికి మందు ఎవరు కనిపెడతారు, ఎవరి కోసం కనిపెడతారు? ఇలా అనుకుంటుండగానే మరదలు ఫోన్ చేసింది. నిన్ను ఇంకో పరీక్షకి రమ్మన్నారని కోడలితో చెబుతూ ఏడ్చిందట. ముక్కలో ఏమీ లేనివాణ్ణి మళ్ళీ ఎందుకు పిలుస్తారు తమ్ముడూ? నన్ను మభ్యపెట్టకు. నేను చదివింది మూడో తరగతే. నీ అబద్ధం చదవడానికి ఆ చదువు చాలు.

అందుకని ఒక పట్టు పట్టాను. నీకు ముద్ద దిగేదాకా నేనూ ముద్ద ముట్టను. తాగేవి తాగుతాను, అంతే. కోడలు తిట్టిపోసింది. "ఆయన గొంతులో అడ్డం పడితే మీ కడుపు మాడ్చుకోవడం ఎందుకత్తయ్యా? అక్కడ గడ్డ ఇక్కడ కరుగుతుందా?" అంది. దానికేం తెలుసు, నిన్ను చంకనేసుకుని పెంచింది నేను.

నిన్న అంట్లు కడుగుతుంటే కళ్ళు తిరిగి సింకు పట్టుకుని నిలబడిపోయాను. వీధి చివరి క్లినిక్కి తీసుకెళ్ళారు. అక్కడ కుర్ర డాక్టరు నా కనురెప్ప కిందికి లాగి చూసి, "పాలిపోయావు అవ్వా, తిండి మానేస్తే రక్తం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని ఇనుము మాత్రలు రాశాడు. కోడలికి కోర్టులో గెలిచినట్టయింది.

ఆదివారం పిచ్చుక వచ్చింది, జాకెట్లు వదులు చేయించుకోవడానికి. "నాన్న ఫోన్లో నవ్వుతున్నాడు గానీ, నవ్వొచ్చే మాట ఒక్కటీ అనట్లేదు అత్తా. ఏమైంది?" అంది. నేను సూదికి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను. దారం అప్పటికే ఎక్కి ఉంది. అది చూసిందో లేదో.

నిజం రాయి. ఎంత చెడ్డదైనా రాయి.

అక్క


జూలై 6

అక్కా,

నీకు మతి ఉందా? తినలేక నేను చస్తుంటే, తినగలిగిన దానివి నువ్వు మానేస్తావా? రేపు నాకు ముద్ద దిగే వేళకి నువ్వు ఉండకపోతే ఆ ముద్ద నాకెందుకు? ఈ ఉత్తరం చదివిన పూటే తిను. కోడలికి కూడా ఫోన్లో చెప్పాను, నిన్ను కూర్చోబెట్టి తినిపించమని.

ఇప్పుడు నిజం రాస్తున్నాను, నాకు తెలిసిన భాషలో. గొట్టం లోపల తుప్పు పేరుకుని మూసుకుపోవడం ఒకటి. అందరికీ వచ్చే పాడు గడ్డ అలాంటిది. నాది అది కాదు. నాకు గొట్టం గోడలోనే, పొరకీ పొరకీ మధ్య గడ్డ పుట్టి లోపలికి ఉబ్బింది. సున్నం వేసిన గోడలో లోపలి ఇటుక ఉబ్బిందనుకో. పైన సున్నం గోకి పరీక్షకి పంపితే సున్నమనే వస్తుంది. మొదటిసారి గిల్లిన ముక్క ఆ సున్నం. నేను అబద్ధం రాయలేదక్కా, ఆ ముక్కలో నిజంగానే ఏమీ లేదు. రెండోసారి పొరల వెనక ఏముందో చూపించే గొట్టం వేసి, సన్నటి సూదితో అసలు గడ్డలోంచి తీశారు. దానికేదో పొడుగాటి పేరుంది. వదిలేస్తే పెరిగి చెడ్డదవుతుందట. ఇప్పుడు కోసి తీసేస్తే బతుకుతావయ్యా అంది డాక్టరమ్మ. తర్వాత మాత్రలు వాడాల్సి రావచ్చు, దానికి మాత్రలు ఉన్నాయట. ఎవరో కనిపెట్టారు, నీకు తెలియకుండా. ఆగస్టు మొదట్లో ఆపరేషను. అరుదైనదంటే ప్రతిసారీ చెడ్డదని కాదు.

ఒక తమాషా చెబుతాను. నా మెడ మీద, వేళ్ళ కణుపుల మీద నల్ల మచ్చలు ఉన్నాయి కదా. డాక్టరమ్మ వాటిని వెలుగులో పెట్టి చూసి, ఫోటోలు తీయించింది. "పుట్టినప్పట్నుంచీ ఉన్నాయమ్మా, మా ఇంటి ముద్ర" అన్నాను. నా అందం ఇన్నాళ్ళకి ఒకరి కంట్లో పడిందని మీ మరదలితో అంటే, "గడ్డతో పాటు నాలిక కూడా కొంచెం కోయించుకోండి" అంది.

పిచ్చుకకి ఒక్క మాట కూడా తెలియకూడదు. కాన్పయ్యాక నేనే చెబుతాను. సూదీ దారం వేషాలు దాని దగ్గర చెల్లవు, దాని మొహం చూడకుండా ఇంకేదైనా పని పెట్టుకో.

తిను.

తమ్ముడు


జూలై 14

తమ్ముడికి,

తిన్నాను. పెద్దాడు ఎదురుగా కూర్చుని, ఆఖరి మెతుకు దాకా లేవలేదు. తిన్నందుకు వీధంతా సంతోషం. నాకు మాత్రం కడుపు పైభాగంలో రాయి పెట్టినట్టుంది. అలవాటు తప్పింది కదా, అంతేలే అన్నారు.

నీ ఉత్తరంలో తమాషా అని రాసిన చోట నాకు నవ్వు రాలేదు. గడ్డ గొంతు కింద ఉంటే మెడ మీద మచ్చలకి ఫోటో ఎందుకు? డాక్టర్లు ఊరికే ఫోటో తీయరు. ఆ మచ్చలు నీవి ఒక్కడివే కావు. నాకు చంకల్లో, వేళ్ళ మీద ఉన్నాయి. పిచ్చుకకి మెడ వెనక ఉన్నాయి. చిన్నప్పుడు సెలవులకి వస్తే మట్టి అనుకుని దాన్ని ఎర్రబడేలా రుద్దేదాన్ని. నాన్నకి మూతి చుట్టూ ఉండేవి.

నాన్న మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నీకు ముద్ద ఆగుతోందని మరదలు చెప్పినప్పుడే నాకు నాన్న కళ్ళ ముందు కనపడ్డాడు. అంటే నిజమవుతుందని అనలేదు. నాన్న కూడా ఇలాగే తినేటప్పుడు ఛాతీ రుద్దుకునేవాడు, నీళ్ళు తాగి లేచి నిలబడేవాడు. తర్వాత మనిషి పాలిపోయాడు, పెదవులు తెల్లగా అయ్యాయి. దొడ్డికి తారులా నల్లగా, జిగటగా అయ్యేది. ఆయన బట్టలు ఉతికింది నేను, అందుకే తెలుసు. సబ్బుకి పోయేది కాదు, ఆ వాసన వేరు. ఒకరోజు పొద్దున స్నానాల గది గుమ్మంలో పడిపోయాడు, నల్లగా కక్కుకున్నాడు, అంతే. బయటివాళ్ళు అడిగితే గుండె ఆగిందని చెప్పమంది అమ్మ. రోగిష్టి ఇల్లని పేరు పడితే పిల్లల పెళ్ళిళ్ళు కావని దాని భయం.

ఇవన్నీ నువ్వు డాక్టరమ్మకి చెప్పే ఉంటావు. చెప్పావు కదా? రాత్రి నుంచి ఇదే ఆలోచన. ఇంటివాళ్ళకి అసలు సంగతి తెలియకుండా ఎలా ఉంటుందనుకున్నాను. కానీ నువ్వప్పుడు ఇంకా పాకుతున్నావు. అమ్మ నీకెప్పుడైనా చెప్పిందా?

ఇంకో మాట. రాయాలా వద్దా అని పైన చాలా సేపు కలం ఆపాను. నాకు కూడా కొన్నాళ్ళుగా అలాగే నల్లగా అవుతోంది. కోడలికి చెబితే "ఇనుము మాత్రలు వేసుకుంటే అందరికీ అంతే అత్తయ్యా, డబ్బా మీద కూడా రాసి ఉంటుంది" అంది. నిజమే అయి ఉంటుంది. మాత్రలు మొదలుపెట్టక ముందే అలా ఉందని నాకు గుర్తు, అప్పటికి తిండి కూడా మానలేదు. గట్టిగా అనలేదు. రోజుకో భయం చెబుతాను కదా, ఇది ఎన్నోదని వాళ్ళు వింటారు? నీ ఆపరేషను అయ్యాక చూసుకోవచ్చులే.

అక్క


జూలై 19

అక్కా,

ఇది అందేలోపే పెద్దాడికి ఫోన్ చేసి ఉంటాను. అయినా నా చేత్తో రాసింది నువ్వు చదవాలి.

నాకు తెలియదు. అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. "మీ నాన్న ఎలా పోయారు?" అని డాక్టరమ్మ మొదటి రోజే అడిగింది. గుండెతో అని ఠక్కున చెప్పాను. మచ్చలు చూశాక రెండోసారి అడిగింది. "ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే కనుక్కోండి, రక్తసంబంధీకుల్లో ఇలాంటివి ఉన్నాయేమో" అంది. ఉంది, మా అక్క ఉంది, నన్ను పెంచింది, దానికే తెలుస్తుంది అని నాకు తెలుసు. కానీ మీ మరదలూ నేనూ కూర్చుని, అక్కకి చెప్పొద్దు, చెబితే బెంగతో మంచం పడుతుంది అనుకున్నాం. అడగనే లేదు. ఇంటికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలిసినదానివి నువ్వొక్కదానివే. నిన్ను వదిలేసి గోడలన్నీ తవ్వుకుంటూ కూర్చున్నాం.

నీ ఉత్తరం తీసుకెళ్ళి డాక్టరమ్మకి చదివి వినిపించాను. నాన్న సంగతి వింటూ రాసుకుంది. నీ ఆఖరి పేరా దగ్గర రాయడం ఆపేసింది. "ఆవిణ్ణి మీ ఆపరేషను అయ్యాక కాదు, ఇప్పుడే చూపించమనండి" అంది. మీ ఊరి ఆసుపత్రికి చీటీ రాసి ఇచ్చింది, పెద్దాడికి ఫోటో తీసి పంపాను. మాత్రలకి ముందే నల్లగా ఉందని అక్కడ మొదట చెప్పు. వాళ్ళు అడగకపోయినా చెప్పు. ఈసారి గట్టిగా చెప్పు.

ఇది కొన్ని ఇళ్ళలో తరం నుంచి తరానికి వస్తుందట. అంటే మన తర్వాత పిల్లలు. పిచ్చుక. దానికి ఇప్పుడు చెప్పకు, నీకు దండం పెడతాను. బిడ్డ బయటికి రానీ.

తమ్ముడు


ఆగస్టు 6

చిన్నోడా,

నీ ఆపరేషను బాగా అయిందని, గడ్డ మొత్తం వచ్చేసిందని మరదలు చెప్పింది. నిన్న రెండు చెంచాల నీళ్ళు తాగి "ఇంకో చెంచా పోస్తే ఏం పోయింది" అని నర్సుతో దెబ్బలాడావట. అది విన్నాకే నాకు కలం పట్టబుద్ధయింది. నీకు కూర్చునే ఓపిక వచ్చాకే ఇది చదవమని మరదలికి చెప్పాను.

నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. కిటికీ పక్క మంచం. పక్క మంచం ఆవిడ దగ్గు నాకు నచ్చలేదు, నర్సుకి చెప్పాను, చూస్తామంది. నువ్వు చెప్పమన్నట్టే మొదట మాత్రల సంగతి చెప్పాను. "తిండి మానేశారట కదా?" అన్నాడు డాక్టరు. "అది తర్వాత, ఇది ముందు" అన్నాను. గొట్టం దింపారు. నువ్వు తమాషాగా రాశావు గానీ, అందులో తమాషా ఏమీ లేదు. కడుపు పైభాగంలో ఒక గడ్డ, నీ దాని కన్నా పెద్దది, దాని నెత్తిన పుండు పడి కొంచెం కొంచెంగా రక్తం కారుతోందట. పక్కన రెండు చిన్నవి. నా ఆయాసం మెట్ల వల్ల కాదు, నీరసం పస్తుల వల్ల కాదు. పట్టు పట్టి నా రోగం మీద నేనే దుప్పటి కప్పాను, అందరూ ఆ దుప్పటినే తిట్టారు.

రెండు సీసాల రక్తం ఎక్కించారు. కోడలు ఇంటికెళ్ళదు. "డబ్బా మీద రాసి ఉందని నేనే అన్నాను కదత్తయ్యా" అని నా కాళ్ళు పిసుకుతూ ఏడ్చింది. డబ్బా మీద రాసిందీ నిజమే కదే అన్నాను. పెద్దాడు కూడా గొట్టం వేయించుకున్నాడు, వాడికేమీ కనపడలేదు. అయినా ఏడాదికోసారి చూపించుకోమన్నారు.

ఇక నీకు కోపం వచ్చే సంగతి. పిచ్చుకకి చెప్పేశాను. నీ ఉత్తరం అందకముందే చెప్పానని రాయొచ్చు, రాస్తే నమ్ముతావు. కానీ చదివాకే చెప్పాను, నీ దండం పెట్టిన చోటు రెండుసార్లు చదివి మరీ చెప్పాను.

అది నన్ను చూడ్డానికి వచ్చింది. పెదవులు చూశాను, తెల్లగా ఉన్నాయి. కడుపుతో ఉన్న పిల్ల, అంతేలే అని ఎవరైనా అంటారు. మాత్రలు వేసుకుంటోంది కాబట్టి దొడ్డికి నల్లగా అయినా ఎవరూ అనుమానపడరు. మంచం మీద కూర్చోబెట్టుకుని నాన్న సంగతి, నీ సంగతి, నా సంగతి వరసగా చెప్పాను. అది ఏడుస్తుందని నీళ్ళ గ్లాసు దగ్గర పెట్టుకున్నాను. ఏడవలేదు. "ఇదా అత్తా? నాన్న నాకు చెప్పకుండా చచ్చిపోతున్నాడనుకున్నాను. అమ్మకి ఫోన్ చేస్తే మాట మార్చేది, నువ్వు దారం ఎక్కించుకునేదానివి. రాత్రంతా కూర్చునే ఉంటున్నాను" అంది. చూశావా, దాని నిద్ర కోసం దాచాం, దానికే నిద్ర లేదు. తర్వాత ఏడ్చింది, నన్ను పట్టుకుని, అది వేరే ఏడుపు.

మర్నాడే వాళ్ళ కాన్పు డాక్టరు దగ్గరికి వెళ్ళి అన్నీ చెప్పుకుంది. మొగుణ్ణి కూడా తీసుకెళ్ళింది. దొడ్డి పరీక్ష చేస్తే కారుతున్న రక్తమేమీ కనపడలేదట, ఇప్పటికి. కాన్పయ్యాక గొట్టం వేసి చూస్తారు. ఇంటి వరసలో వచ్చేదా కాదా తేల్చే పరీక్షకి రక్తం తీసుకున్నారు, జవాబు రావడానికి వారాలు పడుతుందట. బిడ్డ బాగా తన్నుతున్నాడు. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఉంటే చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది. మన నాన్నకి దొరికినట్టు గుమ్మంలో కాదు.

తిట్టాలనుంటే తిట్టు. పూర్తిగా మింగడం వచ్చాక తిట్టు, గొంతు నొప్పెడుతుంది.

రేపు పొద్దున నన్ను ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్తారు. భయంగా ఉంది తమ్ముడూ. పెద్దాడితో అంటే, ఎప్పుడూ "నీకు అన్నీ భయాలే" అనేవాడు, ఇవాళ ఆ మాట అనలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "దేనికి భయం, చెప్పమ్మా" అన్నాడు. ఒక్కొక్కటే చెబుతున్నాను. ఇంకా అవలేదు. వాడు వింటున్నాడు.

అక్క